గీతకు పైన

కౌలుట్లయ్య ఇల్లు అమ్మేటప్పుడు
బేతంచెర్ల బండల గురించి చెప్పినాడు,
మోటరు గురించి చెప్పినాడు,
ఈశాన్యం మూల గురించి రెండుసార్లు చెప్పినాడు.
గోడల మీదికి మా చూపు పోకముందే
టీ తాగిపోదురు రాండన్నాడు.

పాలు పొంగించిన మూడోరోజు
అంగట్లో రంగుల పుస్తకం తిప్పి తిప్పి
లేత నిమ్మపండు రంగు తెచ్చుకున్నాము.
మద్దిలేటికి డిపోలో రెండ్రోజులు సెలవు.
తలకు నా పాత చున్నీ చుట్టుకొని
నిచ్చెన ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి
మోచేతుల దాకా నిమ్మపండై
"చూడు మే, పెండ్లిల్లు మాదిరుంది" అన్నాడు.
ఉండింది. మూడు వారాలు.

తర్వాత ఒక తెల్లవారి
వరండా గోడకు, నా తలకు జానెడు పైన
టీ మరక లాంటి గీత ఒకటి తేలింది.
నడిమింట్లోకొచ్చింది, వంటింట్లోకి పోయింది,
దేవుని గూటిని సగానికి కోసింది.
తలుపు దగ్గర తెగి, అవతలి గోడ మీద
వెంట్రుకవాసి తేడా లేకుండా అదే ఎత్తున మొదలయ్యింది.
ఏ మేస్త్రీ దారం పట్టినా
అంత మట్టంగా రాదు.

మళ్ళీ పూస్తిమి. మళ్ళీ వచ్చె.
డబ్బా మీద గొడుగు బొమ్మ ఉన్న ఖరీదైన రంగు పూస్తిమి.
గీత కింద ఉప్పు పొంగి
అది అప్పడం మాదిరి లేచె.
పొద్దున ఊడిస్తే
చాటెడు నిమ్మపండు పొట్టు.

పక్కింటి ఖాజాబీ తోడుకు మజ్జిగ కోసమొచ్చి
గీత మీద వేలు పెట్టి గోడ పొడుగునా నడిచింది,
తెలిసినోళ్ళ భుజం తడిమినట్లు.
"మా ఇంట్ల టైల్సేసి దాసినాం.
లోపలే ఉంటది, యాడికి పోతది?
ఆ అక్టోబరు హంద్రి ఎనక్కి నడిచె గదమ్మా.
మిద్దె మీద రెండు రాత్రులు,
ఇరవై మందికి ఒకటే బిస్కెట్ పొట్లం.
కౌలుట్లయ్య కిందికి పోయినాడు,
బర్రెకు కట్టుతాడు ఇప్పుదామని..."
అక్కడ ఆగి, గిన్నెలోకి చూసి
మజ్జిగ పలచగా ఉందనింది.

ఇంకా ఈ ఇంటికి చాలా రోగాలున్నాయి.
బాత్రూములో బల్లి, లైటేస్తే కదలదు,
ఆర్పితే ఎక్కడుందో చెప్పలేము.
కొళాయి రాత్రి రెండింటికి దగ్గుతుంది,
నీళ్ళు మూడింటికొస్తాయి.
బోరునీళ్ళకు చెంబులన్నీ తెల్లగా పొలుసులు.
కిటికీ రెక్క మూస్తే తెరుచుకోదు,
అందుకని అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది,
అందుకని ఎదురింటి సీరియలంతా మాకు తెలుసు.
ఎర్రచీమలు సరే సరి.
వాటికి లక్ష్మణరేఖ సుద్దముక్క ఉంది.
గడప ముందు గీస్తే కిటికీలోంచి,
కిటికీకి గీస్తే స్విచ్చుబోర్డులోంచి.

మేకులు కొట్టేటప్పుడు
ఇద్దరమూ ఏమీ అనుకోలేదు.
పెండ్లి ఫొటో గీతకు పైన.
క్యాలెండరు గీతకు పైన.
రిజిస్ట్రేషన్ కాగితాలు అటక మీద,
కవర్లో, ఆ కవరుకు ఇంకో కవరు.
నా కుట్టుమిషన్ ఒక్కటే కింద మిగిలింది,
దాన్ని చూసినప్పుడల్లా
మద్దిలేటి అటకను చూస్తాడు.
వచ్చిన చుట్టాలు మెడలు పైకెత్తి
"ఫొటో అంత ఎత్తునెందుకప్పా?" అంటే
బల్లి మీదికి నెట్టేస్తాడు.

మొన్న సాయంత్రం, ఆకాశంలో మబ్బు తునక లేదు.
బాత్రూము మూలనుంచి చీమలు బయలుదేరినాయి,
ఒక్కోదాని నోట్లో ఒక తెల్లటి గుడ్డు.
సుద్దముక్క నా చేతిలోనే ఉంది.
గోడెక్కినాయి, ఊడిన రంగు పెచ్చుల్ని చుట్టుకొని పోయినాయి,
గీత దాకా వచ్చినాయి,
దాటినాయి,
ఇంకో మూరెడు పోయి
పగుల్లోకి దూరినాయి.

"మద్దిలేటీ" అని పిలిచినాను, అంతే.
డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినోడు
చెప్పులైనా విడవకుండా
గోడను చూసి, నన్ను చూసి
సోనా బియ్యం మూటకు రెండో కొస పట్టుకున్నాడు.

ఆ రాత్రి చినుకు పడలేదు.
ఈ రోజుకీ పడలేదు.
బియ్యం కావాలంటే ఇప్పుడు
స్టూలెక్కాల.